ట్రయల్ వేసొస్త

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గేటు బయట దుమ్ముకొట్టుకుపోయిన పాత గేర్ల స్కూటర్ని మహేందర్ పట్టపగలే కొట్టేశాడు. చచ్చిన బండిని తోసుకుంటూ పోయేవాణ్ని దొంగ అని ఎవరనుకుంటారు? స్పీడ్ బ్రేకర్ దగ్గర కోచింగ్ సెంటర్ కుర్రాళ్లిద్దరు పాపమని వెనకనుంచి ఒక చెయ్యి కూడా వేశారు. ఎల్బీనగర్‌లో తన గది చేరేసరికి మహేందర్‌కి చెమటా ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

షూటింగులకు పాత బళ్లు సప్లై చేసేవాడొకడు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఉన్నాడు. బండి నడిస్తే మంచి ధర ఇస్తాడు, నడవకపోతే తుక్కు కిందే లెక్క. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే కాగితాలు అడుగుతాడు. అందుకని మహేందర్ యూట్యూబ్ చూస్తూ ఇంటి ముందే ఇంజిన్ విప్పాడు. విప్పడం బాగానే విప్పాడు కానీ, ఏ ముక్క ఎక్కడిదో తెలియక తల పట్టుకుని కూర్చున్నాడు.

సందులన్నీ తొంగిచూసుకుంటూ వస్తున్న ఓ పెద్దాయన అక్కడ టక్కున ఆగాడు.

"ఏం బండి తమ్మీ! ఎవరిది?"

"మా తాతది," అన్నాడు మహేందర్ తడుముకోకుండా.

పెద్దాయన అతణ్ని ఎగాదిగా చూసి చొక్కా చేతులు మడిచాడు. "నా పేరు లచ్చయ్య. గిసొంటి బండ్లంటే నాకు పానం. పని నేను చేస్త, పైసలొద్దు. సామాన్లు మాత్రం నువ్వే తేవాలె."

దేవుడే పంపాడనుకున్నాడు మహేందర్. తను ఎంత లాగినా రాని పక్క డిక్కీ, లచ్చయ్య మూల మీద ఒక్కటివ్వగానే తాళం లేకుండా తెరుచుకుంది. ఆహా, అనుభవమంటే ఇదీ!

లచ్చయ్య రోజూ వచ్చేవాడు, వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త ఖర్చు చెప్పేవాడు. బోర్ అరిగింది, పిస్టన్ మార్చాలన్నాడు. పెద్ద కార్బరేటర్ వేస్తే పికప్ అదిరిపోతుందన్నాడు. పాత పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడదామన్నాడు.

"గింత అవసరమా పెద్దనాయనా?"

"తాత బండి తమ్మీ! జర మంచిగ చేయించుకో."

మహేందర్ వేలి ఉంగరం కుదువపెట్టి మరీ అన్నీ తెచ్చాడు.

చివరికి బండి ఒక్క కిక్కుకే లేచింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. కొనేవాడు సాయంత్రమే వస్తానన్నాడు.

"ట్రయల్ వేసొస్త," అంటూ లచ్చయ్య ఎక్కాడు. రయ్యిమని సందు మలుపు తిరిగాడు.

సాయంత్రమైంది. కొనేవాడు వచ్చి, ఖాళీ స్థలం చూసి, నాలుగు తిట్టి పోయాడు. మహేందర్ లచ్చయ్యకి ఫోన్ కలిపాడు.

"పెద్దనాయనా, ఏడున్నవ్? కొంపదీసి యాక్సిడెంట్ గిట్ల అయిందా?"

"మంచిగున్న బిడ్డా, నువ్వు బండి నూక్కపోయిన గేటు లేదూ, గా ఇంట్లనే ఉన్న, ఇంజిన్ చేయించుకుంటనంటే మా ఇంటిది అండాలమ్మ ఇన్నేండ్ల సంది రూపాయి ఇయ్యలే, నీ పుణ్యాన అయిపాయె, ఇగ మా బామ్మర్ది మోపెడ్ గూడ ఖరాబైంది, రేపు గేటు బయట పెట్టిపిస్త, జరొచ్చి నూక్కపోరాదూ!"