ఎక్కని ప్రయాణికుడు

పొద్దుటి బండి ఆగింది. ముసలాయన ఎక్కలేదు.

"ఏమయ్యా, మళ్ళీ ఈయనేనా?" డ్రైవర్ ఇంజన్లోంచి తల బయటపెట్టి కేకేశాడు. "ఎక్కనివాడి కోసం ఎన్నాళ్ళు ఆపమంటావు? పైకి రాసి పడేస్తా. నీ స్టేషనూ ఉండదు, నువ్వూ ఉండవు."

టికెట్లిచ్చే ఏజెంటు కిటికీ వదిలి ముసలాయన దగ్గరికి పరుగెత్తాడు.

ప్లాట్‌ఫారం మీద మనిషి కనిపిస్తేనే బండి ఆపడం అక్కడి పద్ధతి. ఊళ్ళోకి బస్సు వచ్చాక ఆ మనిషే కరువయ్యాడు. ఏజెంటు కొత్తగా వచ్చినవాడు. ఆ టికెట్ల కిటికీ మూతపడితే వాళ్ళింట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"తాతా, ఎక్కడికి పోవాలి నువ్వు?"

"ఎక్కడికీ లేదు బాబూ."

"మరి ఎందుకు ఆపుతున్నావు? అదేమన్నా నీ అల్లుడి బండా, ముచ్చటకి ఆపడానికి?"

"ఆగనీ బాబూ. ఆగితే మంచిది."

"నీకు మంచిదే. మునిగేది నా కొంప!"

రెక్క పట్టుకుని గేటు బయటికి నడిపించాడు.

"ఇంకోసారి ఇటు కనిపించావో, మర్యాదగా ఉండదు."

ముసలాయన ఏటికవతలి పల్లె దారి పట్టాడు. మళ్ళీ రాలేదు.

అప్పట్నించి బండి ఆగకుండా పోతోంది. డ్రైవర్ చెయ్యి ఊపి మరీ పోతున్నాడు. గండం గడిచిందనుకున్నాడు ఏజెంటు.

రెండు నెలలకు ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపుకు కాగితం అంటించాడు.

"మూసేస్తున్నారా? ఊరికే ఆపే ముసలాణ్ణి కూడా నేనే తరిమేశాను కదండీ!"

"అదే నువ్వు చేసిన నిర్వాకం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బండి ఆగిందా లేదా అన్నదే మా పుస్తకంలోకి ఎక్కుతుంది. ఎవరు ఎక్కారో ఎవడు రాస్తాడు? వరసగా నలభై రోజులు ఆగకపోతే మూసెయ్యడమే రూలు. ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు."

కనీసం ముసలాయన కాళ్ళ మీద పడదామని ఏజెంటు ఏరు దాటాడు.

ముసలాయన కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"మావయ్య పోయి నెల దాటిందండీ. చివరి దాకా 'బండి ఆగిందా' అనే అడిగేవారు."

"మీరేం చెప్పేవారమ్మా?"

"ఆగిందనే."

"బండి ఆగడమంటే ఆయనకెందుకమ్మా అంత పట్టు?" అడిగాడు ఏజెంటు.

"రెండో కాన్పుకు నొప్పులొస్తే అత్తయ్యను పట్టాల దాకా మోసుకెళ్ళారట. బండి ఆగలేదు. ఆవిడ అక్కడే పోయింది," అంది కోడలు, తడి చీర దులుపుతూ. "ఆ తర్వాత పదకొండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి మీ స్టేషను పెట్టించింది మా మావయ్యే."