తెగిన సున్నాలు

"పైకి... కాదు కాదు, కిందికి. అసలక్కడ ఏమైనా ఉందా డాక్టరుగారూ?"

టాక్సీ తోలే బయూమి గోడ మీది కొత్త తెర వైపు చెయ్యి చాచి అటూ ఇటూ ఊపుతున్నాడు. తెర మీద వరసలు వరసలుగా సున్నాలు, ఒక్కోదానికి ఒక్కో వైపు గండి. గండి ఎటుందో చేత్తో చూపించాలి. చూపిస్తేనే కళ్లు బాగున్నాయని కాగితం, ఆ కాగితం ఉంటేనే లైసెన్సు. బయూమి లైసెన్సుకు గడువు ఆ రోజుతో సరి. అది పోతే టాక్సీ పోయినట్టే.

"పొద్దుట్నుంచి వచ్చినవాళ్లందరూ తప్పారు," కళ్లద్దాల దుకాణం డాక్టరు షాకిర్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆఖరికి నేనూ తప్పాను! అలెగ్జాండ్రియా అంతా రాత్రికి రాత్రే గుడ్డిదైపోయిందా రబాబ్?"

ఆ పరీక్ష ప్రోగ్రాం రాసింది రబాబే. ఫోను రాగానే పరుగెత్తుకొచ్చింది. వెనకే తల్లి ఇన్షిరాహ్ కూడా వచ్చింది, పిల్లను పోలీసులు పట్టుకుపోతే పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా అని. సంచిలో దుప్పటీ, రొట్టెలూ, ఉడికించిన గుడ్లూ సర్దుకుంది. దుకాణం ముందు బాటసారుల కోసం తడిగుడ్డ కప్పి ఉంచిన పెద్ద కుండలోంచి కాసిని నీళ్లు తాగి, గుండె చిక్కబట్టుకుని లోపలికి అడుగు పెట్టింది.

"ఎన్నేళ్లు వేస్తారో!" అంది కూర్చుంటూనే.

"జైలేమిటమ్మా! కొత్త తెర వచ్చింది, అంతే. దీంట్లో చుక్కలు మరీ సన్నం. పాత తెర మీద అంగుళం వచ్చిన గీత ఇందులో అర అంగుళమే వస్తుంది. నా ప్రోగ్రాం ఇన్ని చుక్కలు గియ్యమంటుందే గాని ఇన్ని అంగుళాలని చెప్పదు. అందుకే సున్నాలన్నీ సగానికి కుంచించుకుపోయాయి. తెర మీది బటన్లు చూడు, నువ్వుగింజల్లా లేవూ?"

"దాన్ని చూస్తే ఉన్న చూపు కూడా పోదు కదా?" ఇన్షిరాహ్ తలగుడ్డ కళ్ల మీదికి లాక్కుంది. అసలే రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే ఆమెకు కత్తి కనిపిస్తుంది.

రబాబ్ ప్రోగ్రాంలో అన్నిటినీ రెట్టింపు చేసింది. తెర మీద ఏమీ మారలేదు.

"అమ్మాయ్, తొందరగా! ఆఫీసు మూసేస్తారు," బయూమి గోల పెట్టాడు.

ఈసారి కంప్యూటరుకే చెప్పి చూసింది, ఏది చూపించినా రెట్టింపు చేసి చూపించమని. అయినా మారలేదు. విసుగొచ్చి, మొత్తం ఆపేసి మళ్లీ పెట్టింది.

తెర వెలిగింది. సున్నాలు నిండుగా, గుండ్రంగా వచ్చాయి. వరసలో నిలబడ్డ ఆడమనిషెవరో సంతోషం పట్టలేక, పెళ్లిళ్లలోలాగా నాలుక ఆడిస్తూ కూత పెట్టింది. బయూమి చెయ్యి గాలిలో కత్తిలా తిరిగింది.

"కుడి! పైకి! ఎడమ! కిందికి! ఇంకా వరసలున్నాయా?"

"అవే ఆఖరు!" షాకిర్ ముద్ర అందుకున్నాడు.

"ఆగండి డాక్టరుగారూ. స్కేలు పెట్టి ఒక్క సున్నా కొలవనివ్వండి," అంది రబాబ్.

తల్లి గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది. "నా తల్లివి కదూ, మళ్లీ ముట్టుకోకు! బాగుపడ్డదాన్ని కెలికావంటే ఈసారి నిజంగానే జైలు."

ముద్ర పడింది. బయూమి కాగితాన్ని ముద్దు పెట్టుకున్నాడు. "మీ అమ్మాయి నా పిల్లల నోటి దగ్గర రొట్టె నిలబెట్టింది హజ్జా! మీ ఇద్దర్నీ ఉత్తినే ఇంటి దగ్గర దించి, అటే ఆఫీసుకు పోతాను. బయట కారు దగ్గరుంటా, వచ్చెయ్యండి," అని వెళ్లిపోయాడు.

ఇన్షిరాహ్ పొద్దుట్నుంచీ బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది. వెనక బల్ల మీద చేరగిలబడి, ఊరికే గోడ వైపు చూసింది.

"ఎడమ... పైకి... మళ్లీ ఎడమ... ఓసి రబాబ్! నా శుక్లాలు కరిగిపోయాయే! ఆఖరి వరస కూడా కనిపిస్తోంది!"

రబాబ్ స్కేలు తీసుకుని తెర దగ్గరికి పరుగెత్తింది.

"రెండు చోట్ల రెట్టింపు చేశాను," అంది నీరసంగా. "ఆపి మళ్లీ పెట్టగానే రెండూ ఒక్కసారే అందుకున్నాయి. సున్నాలు ఉండాల్సినదానికి రెండింతలున్నాయి."

"అంటే నా కళ్లు?"

"ఎప్పటిలాగే ఉన్నాయమ్మా."

"మరి ఆయన కళ్లు?"

ముగ్గురూ ఒక్క ఉదుటున గుమ్మం దగ్గరికి పరుగెత్తారు.

బయట బయూమి కారు తలుపు తెరిచి పట్టుకుని, తడిగుడ్డ కప్పిన కుండ ముందు వినయంగా వంగి నిలబడ్డాడు. "ఎక్కండి హజ్జా, మొహమాటపడకండి. ముందు సీట్లోనే కూర్చోండి. అమ్మాయి ఏదీ?"