తోడు వెళ్ళిన మనిషి

తాగుడు మానాలనుకునేవాళ్ళంతా కలుసుకునే సంఘం ఒకటి ఊళ్ళో ఎక్కడో ఉందట. అదెక్కడో కనుక్కుందామని మామా అల్లుళ్ళు పొద్దున్నే కారులో బయలుదేరారు.

మామగారు రిటైరైన కాలేజీ ప్రిన్సిపాల్. మడత నలగని చొక్కా, తూకం వేసినట్టుండే మాట. అల్లుడు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. సరిగా నిద్ర పోయి ఎన్నాళ్ళయిందో, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చొక్కా గుండీలు కూడా ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు.

ముందు మందుల షాపులో అడిగారు.

“తాగుడు మాన్పించే సంఘం ఇక్కడెక్కడైనా ఉందాండీ?” అన్నాడు అల్లుడు.

షాపాయన అల్లుణ్ణి తల నుంచి కాళ్ళదాకా చూశాడు. వెనకాల ప్రిన్సిపాల్‌గారు కనబడగానే లేచి నిలబడ్డాడు.

“అయ్యో మాస్టారూ! మీ ఇంట్లోనా?”

“ఏం చెప్పమంటావు నాయనా, అంతా మా ఖర్మ,” అని నిట్టూర్చారు ప్రిన్సిపాల్‌గారు.

“బంగారంలాంటి మనిషికి ఎంత కష్టమొచ్చింది!” షాపాయన అల్లుడి వైపు తిరిగి గొంతు పెంచాడు. “ఏమయ్యా, ఆయన మొహం చూసైనా బుద్ధి తెచ్చుకోవద్దూ? అన్నట్టు, మా అమ్మాయి రేపట్నుంచి నీ దగ్గరికి డ్రైవింగుకి రాదులే.”

సంఘం సంగతి మాత్రం ఆయనకి తెలియదు.

మంగలి షాపులో అడిగారు. అక్కడ కత్తెర కంటే నోరు ముందు ఆడుతుంది.

“బార్లు చెప్పమంటే కళ్ళు మూసుకుని చెప్తానండీ. స్టేషను దగ్గరొకటి, సినిమాహాలు వెనకొకటి, స్కూలుకి ఎదురుగా ఇంకొకటి. మానేవాళ్ళ సంఘమా? మన ఊరికి అంత అభివృద్ధి ఎక్కడిదండీ!”

గడ్డం నిండా నురగతో కూర్చున్న పెద్దమనిషి అద్దంలోంచే అల్లుణ్ణి గుర్తుపట్టాడు.

“తాగేవాడి చేతికి కారిచ్చి పక్కన మీరు కూర్చున్నారా మాస్టారూ? మీ గుండెధైర్యానికి దండం పెట్టాలి!”

“కన్నకూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే చూస్తూ ఊరుకోలేం కదా,” అన్నారు ప్రిన్సిపాల్‌గారు. జేబురుమాలుతో కళ్ళు కూడా ఒత్తుకున్నారు.

షాపులో అందరి గుండెలూ కరిగిపోయాయి. రాత్రి పుచ్చుకున్నదాని వాసన ఇంకా వదలని నోటితో ఆ పెద్దమనిషి, నురగ ఆరిపోయేదాకా అల్లుడికి నీతులు చెప్పాడు. అల్లుడు తల వంచుకుని అన్నీ విన్నాడు.

కారెక్కగానే భార్య ఫోను.

“దొరికిందా?”

“ఇంకా లేదు.”

“దొరికేదాకా ఇంటికి రావద్దు. వస్తే ఇద్దరికీ తలుపు తియ్యను.”

అది పెట్టేయగానే డ్రైవింగ్ స్కూలు ఓనరు ఫోను. అల్లుడు ‘ఊ’ కొడుతూ విని, ఫోను జేబులో వేసుకున్నాడు.

“ఏమంటాడు?” అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

“మందుల షాపు నుంచి కబురు అప్పుడే చేరిపోయింది మామయ్యా. కొన్నాళ్ళపాటు పనిలోకి రావద్దన్నాడు.”

ప్రిన్సిపాల్‌గారు కారు అద్దం దించారు. మళ్ళీ ఎక్కించారు.

“పోనీ, ఇవాళ్టికి ఇంటికి పోదామా?”

“వద్దు,” అని అల్లుడు గేరు మార్చాడు.

చివరికి ఆ చిరునామా తెలిసిన మనిషి బారులోనే దొరికాడు. ప్రిన్సిపాల్‌గారు కారు దిగలేదు. ఆయనలాంటి మనిషి అలాంటి గుమ్మంలో కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారు? అల్లుడొక్కడే లోపలికి వెళ్ళాడు. అతను వెళ్ళడం ఎదురు షాపులవాళ్ళంతా కళ్ళారా చూశారు.

“తెలియకేం!” అన్నాడు క్యాషియరు మొహం మాడ్చుకుని. “రైలు పట్టాల అవతల, అచ్చాఫీసు మేడ మీద. మా కడుపు కొడుతున్నది వాళ్ళే కదండీ! మేం తలుపులు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునే మహానుభావులు ఇప్పుడక్కడ చేరి టీలు తాగుతున్నారు. మీరూ పోతున్నారా? ఇంతకీ మిమ్మల్ని ఇక్కడెప్పుడూ చూసినట్టు లేదే!”

అచ్చాఫీసు మేడ మీద గది చిన్నది. కింద యంత్రం ఆడినప్పుడల్లా నేల అదురుతోంది. గుండ్రంగా వేసిన కుర్చీల్లో లారీ డ్రైవరున్నాడు, పొరుగూరి లెక్చరరున్నాడు, చంటిపిల్లని ఒళ్ళో వేసుకున్న ఒకావిడ ఉంది. ఎవరూ ఎవరినీ ఎగాదిగా చూడలేదు. మామా అల్లుళ్ళకి పక్కపక్కన కుర్చీలు వేశారు.

సంఘం నడిపేది ఒక నర్సు.

“కొత్తగా వచ్చినవాళ్ళు లేచి మాట్లాడొచ్చు,” అందామె. “పేరు చెప్పక్కర్లేదు. తప్పు చేసినట్టు తల దించుకోనూ అక్కర్లేదు. ఇక్కడున్నవాళ్ళందరం మొదటి రోజు ఆ కుర్చీలో వణుకుతూ కూర్చున్నవాళ్ళమే.”

అందరూ ఎర్రబడిన అల్లుడి కళ్ళవైపే చూశారు. ప్రిన్సిపాల్‌గారు కూడా అటే చూశారు.

అల్లుడు కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, “ఇక్కడ మిమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ లేరు, ఇక లేచి చెప్పండి మామయ్యా,” అన్నాడు.