గులాబీ పూల కప్పు

"కాఫీ వెండి గ్లాసులో పొయ్. ఇంజనీరు గదా," అన్నాడు సుబ్రమణ్యం గొంతు తగ్గించి.

"ఆయప్ప కులమేందో లైన్‌మన్‌ను అడిగినా. ఆ గ్లాసులో మళ్లీ మనం తాగల్లా వద్దా?" అంటూ అతని భార్య శకుంతలమ్మ అద్దాల బీరువాలోంచి గులాబీ పూల పింగాణీ కప్పు తీసింది.

ఇంట్లో ఎవరూ ముట్టని కప్పు అది. మర్యాదకు మర్యాద, మడికి మడి. మామిడితోటకు కరెంటు లైను కావాలంటే ఆమాత్రం తెలివి ఉండాలని ఆమె నమ్మకం. కులం అడిగింది గానీ, ఎవరి కొడుకో అడగాలని మాత్రం తోచలేదు.

వరండాలో ఇంజనీరు జయరావు తన చేతికొచ్చిన పూల కప్పునూ, సుబ్రమణ్యం చేతిలోని వెండి గ్లాసునూ మార్చి మార్చి చూశాడు.

"మద్రాసులో కొన్నాము సార్. మీలాంటి పెద్దోళ్లు వస్తేనే తీస్తాము," అంది శకుంతలమ్మ.

జయరావు కాఫీ తాగి, లేచి, కుళాయి దగ్గర కప్పు తనే కడిగి, అరుగు చివర బోర్లించాడు.

"అయ్యో, మీరెందుకు సార్?"

"మా నాయన అలవాటు. మీ తోటకు కావిలి ఉన్న చిన్నబ్బ. ఈ అరుగు మీదే నేర్చుకున్నాడు. అప్పుడు కప్పుకు పూలు లేవు. పిడి గూడా విరిగిపోయి ఉండె."

సుబ్రమణ్యం వెండి గ్లాసును ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

జయరావు చెప్పులు తొడుక్కున్నాడు.

"లైను వేస్తాంలేమ్మా. మా హరిజనవాడ మీదినుంచే రావల్ల. కరెంటును దేంట్లో పట్టుకుంటారో సూసుకోండి."