కోసిగిలో షాంపేన్

"ఎవరు తాగుతున్నారో నాకు చూపించండి రామసుబ్బయ్యగారూ. ఇవి దొంగ బిల్లులని తేలితే ముందు నా ఉద్యోగం ఊడుతుంది."

మద్యం దుకాణం గల్లా ముందు నిలబడి అడిగాడు నాగచైతన్య. ఫ్రాన్సు నుంచి షాంపేన్ దిగుమతి చేసే హైదరాబాదు కంపెనీలో పనిచేస్తాడు. కర్నూలు పెద్ద హోటళ్ళన్నీ కలిసి అమ్మినదానికంటే ఈ కోసిగి కొట్టు ఒక్కటే ఎక్కువ తెప్పించుకుంటోందని ఆఫీసులో గగ్గోలు. వానల్లేక సగం ఊరు కూలికి వలసపోయే చోట, నెలంతా ఒళ్ళు వంచి పనిచేసినా ఒక్క సీసా కూడా రాని సరుకును ఎవరు కొంటారు మరి?

రామసుబ్బయ్య నింపాదిగా గల్లాపెట్టెకు అగరొత్తి తిప్పాడు.

"అన్నీ మా ఊరి లీడరు ఓబన్నకే పోతాండాయప్పా."

"ఆయనొక్కడే అంత తాగుతాడా?"

"ఆయప్ప చుక్క ముట్టడు."

"మరి?"

"నోటితో చెప్తే నమ్మవు. పా, ఈపొద్దు ఆయప్ప పుట్టినరోజే."

దారిలో నాగచైతన్య మనసు కాస్త పొంగింది కూడా. ఆత్మకూరువాడు, సీమబిడ్డ. ఆ సీసాలంటే అతనికి ప్రాణం. చల్లటి నేలమాళిగల్లో ఏళ్ళ తరబడి పడుకోబెట్టి, పసిబిడ్డను ఒత్తిగిలబెట్టినట్టు తిప్పుతూ తయారుచేస్తారని కథలు కథలుగా చెప్పి అమ్మినవాడు. మొత్తానికి మనవాళ్ళకూ రుచి తెలిసిందన్నమాట అనుకున్నాడు.

బస్టాండు వెనక సందుకు అడ్డంగా పరంజా కట్టి ఓబన్న కటౌట్ నిలబెట్టారు. తెల్ల చొక్కా, దండం పెడుతున్న చేతులు. పరంజా పైనున్న మనుషులు సీసాల బిరడాలు ఠప్పుఠప్పుమనిపించి బొమ్మ నెత్తిన కుమ్మరిస్తున్నారు. నురగ మీసాల మీదుగా కారి, తిన్నగా మురుక్కాలవలో పడుతోంది. అక్కడ ఒక పంది మూతి పెట్టి నాకి, తుమ్మి, మళ్ళీ నాకుతోంది.

"పోయినేడు ఎదుటి పార్టీవోల్లు వాల్ల నాయకుని బొమ్మకు పాలు పోసినారు. ఈల్లు అంతకంటే దండిగా చేయల్ల గదా" అన్నాడు రామసుబ్బయ్య. "అమ్మకు కూడు పెట్టనోడు పిన్నమ్మకు కోక పెడ్తానన్నాడంట."

పక్కనే ఖాళీ బిందెతో ఒకామె నిలబడి ఉంది. కృపమణి, ఆ సందులోనే కాపురం.

"శానా దినాలకు నీళ్ళ ట్యాంకరొచ్చింటే, దావ లేదని ఈల్లు తిప్పి పంపిచ్చిరి" అందామె. తర్వాత కాలవ వంక చూసి మెల్లగా అడిగింది. "మేము ప్రార్థనకు పోయేవాల్లం, మందు ముట్టం. అంటు బోకులు కడుక్కునేకైనా పనికొస్తాదా సామీ అది?"

"బంక పడుతుందమ్మా."

"అయితే దేనికీ పనికిరాదు" అని బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాగచైతన్య చెప్పిన నేలమాళిగల కథలన్నీ ఆ పంది మూతికి అంటుకున్నట్టే ఉంది. థూ, ఇంతకాలం ఇందుకా ఈ సరుకు మోసింది అని అసహ్యం వేసింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని అక్కడి నుంచే మేనేజరుకు ఫోన్ చేశాడు.

"మన సరుకు తాగేవాడు ఇక్కడ ఒక్కడూ లేడు సార్. ఎదుటి పార్టీవాళ్ళు పాలు పోశారని, వీళ్ళు దీన్ని కటౌట్ నెత్తిన పోసి మురుక్కాలవలో కలుపుతున్నారు. జనానికేమో తాగడానికి నీళ్ళు లేవు. దీన్ని గిరాకీ అనకండి. ఈ ఊరికి ఇక ఒక్క పెట్టె కూడా పంపొద్దు. నన్ను తీసేసినా సరే."



"కటౌట్ ఎత్తెంత?" అన్నాడు మేనేజరు.

"ముప్పై అడుగులుంటుంది. ఎందుకు సార్?"

"తాగేవాడు రెండు గ్లాసులకు చాలంటాడయ్యా, బొమ్మ అనదు. నువ్వక్కడే ఉండి, ఆ ఎదుటి పార్టీవాళ్ళ ఆఫీసెక్కడో కనుక్కో."