చివరి జత

“ఈ రకం తయారీ ఆపేశారు మేడమ్. మిగిలింది ఈ డబ్బా ఒక్కటే,” అంది టోలెడో ఊళ్లోని మందుల షాపు అమ్మాయి.

వెర్నా చెయ్యి వేసేలోపే దానిమీద ఇంకో చెయ్యి పడింది. ఓటిస్ది! తను వడ్డించే హోటల్లో ఆమె వంటింటి కిటికీలోంచి ఆర్డరు అరిస్తే, అదే మాట తిరిగి అప్పజెప్పి వండే ఓటిస్.

“మా అమ్మకి,” అన్నాడు.

“మా ఆయనకి,” అంది.

వెర్నా డబ్బా వదల్లేదు. ఇంకొక్క ప్లేటు తప్పు వెళితే ఉద్యోగం ఊడుతుందని యజమాని నిన్ననే చెప్పాడు. వినబడదని ఎవరికీ విన్నవించుకోలేదామె. చెవిలో దాక్కునే వినికిడి యంత్రం ఇదొక్కటే. మిగతావన్నీ చెవి మీదెక్కి చాటింపు వేసేవే.

“వదులు! నేను గుడ్లంటే నువ్వు పాన్‌కేకులు పోస్తున్నావ్. నీ వల్లే నా కొంప మునుగుతోంది!”

“ఏంటీ?” అంటూ ఓటిస్ కుడిచెవి ముందుకు వంచాడు.

వెర్నా గుర్తుపట్టింది, తను రోజుకి వందసార్లు వంగే వంపే అది. అంటే అతను తప్పుగా వినేవాడు, తప్పుగా అప్పజెప్పేవాడు. అదీ తనకి వినబడేది కాదు.

“మీ అమ్మ పోయి పదేళ్లయిందిగా!” మెల్లిగా అనబోయి గట్టిగానే అంది.

“నీకు పెళ్లెప్పుడయింది?” అన్నాడతను తల దించుకుని.

చెరిసగం డబ్బు పెట్టి డబ్బా విప్పారు. హోటల్లో వంటింటి కిటికీ ఆమెకి ఎడమపక్క, అతనికి కుడిపక్క. ఎడమది ఆమె పెట్టుకుంది, కుడిది అతను.

“రెండు గుడ్లు, ఒక టోస్టు,” అంది వెర్నా, అక్కడే పరీక్షగా.

“రెండు గుడ్లు, ఒక టోస్టు,” గొణిగాడు ఓటిస్.

ఆమెకి వినబడింది.