లంక దారిలో జొన్నరొట్టె

"కాలు కిందవెట్టకు మునవ్వర్! ముందట ఘాటు రోడ్డుంది!" ఖాజా మియా మైకులో అరిచాడు.

మునవ్వర్ సీటు మీంచి లేచి పెడళ్ల మీద నిలబడి తొక్కాడు. ఎడమవైపు సముద్రం, కుడివైపు కొండ. సముద్రమంటే వీపనగండ్ల ఊరి జనం. కొండంటే బడి ముందు మైదానంలో పోసిన మట్టికుప్ప, దానిమీద గుచ్చిన వేపమండలు. ఆ కుప్ప చుట్టూ సున్నంతో గీసిన బాట మీద ఐదు రోజులు సైకిల్ దిగకుండా తిరగాలి. రెండువేల మూడో సంవత్సరం వచ్చింది, ఇంటింటికీ టీవీ ఉంది, ఉత్తగా గుండ్రంగా తిరిగితే ఎవడు చూస్తాడని మేనమామ ఖాజా మియా దాన్ని లంకాయాత్ర చేసేశాడు. పొద్దున గాలె రేవు, మధ్యాహ్నం టీతోటల కొండలు, సాయంత్రానికి క్యాండీ పట్నం.

"రావణాసురుడు కనవడ్డడా మియాసాబ్?" అని జనంలోంచి ఎవరో అడిగారు.

"పండుకున్నడు. వచ్చేటప్పుడు లేపుతం!" అన్నాడు ఖాజా మియా.

అందరూ నవ్వారు. మునవ్వర్‌కు మాత్రం నవ్వంటేనే భయం పట్టుకుంది. పోయినేడు అలంపూర్‌లో అన్నం తిని తొక్కుతుంటే, ఆ తిరుగుడికి కడుపులో తిప్పి, వాంతి చేసుకుని అందరి ముందే పడిపోయి నవ్వులపాలయ్యాడు. "ఈసారి పడితే సైకిలు, మైకు అమ్మేస్త. వనపర్తి మార్కెట్ల మూటలు మోసుకుందాం" అని మామ తెగేసి చెప్పాడు. మునవ్వర్‌కు సైకిల్ తప్ప మరో పని రాదు, మరో పని మీద మనసూ లేదు. అందుకే ఈసారి నీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ సంగతి కనిపెట్టింది ఒక్కడే. దుమ్ము లేవకుండా బాట మీద నీళ్లు చల్లుతున్న ఎర్ర తువ్వాల పెద్దాయన. ఊరివాడే. ఎవరూ చెప్పకుండానే తనంతట తాను బిందె అందుకున్నాడు.

"పొద్దటిసంది నోట్లె ఏం వెయ్యకపోతివి. గిట్లైతె పడిపోతవ్ పిల్లగా."

"ఆకలైతలేదు పెద్దాయినా."

"ఆకలి కాకపోతె కండ్లెందుకు గుంజుకపోయినయ్?"

మునవ్వర్ గబగబా తొక్కి కొండ చాటుకు వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఒక ముసలామె చిన్న మూట పట్టుకుని జనాన్ని తోసుకుంటూ సున్నపు గీత దాకా వచ్చింది. పేరు ఎంకమ్మ అట.

"మియాసాబ్, ఈ పిల్లగాడు లంకల కొండల దిక్కు పోతడా?"

"పోతడవ్వా. పొద్దుగూకక ముందే ఎక్కుతడు."

"మా ఇంటాయన గాడనే ఉన్నడు. డ్యాం కట్టనీకె పోయిండు. కనవడితే గీ రొట్టెలియ్యుమను."

జనం గొల్లున నవ్వారు. ఖాజా మియా కూడా నవ్వు ఆపుకుంటూ, "పేరేందవ్వా ఆయనది?" అన్నాడు.

ఎంకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తల వంచుకుంది.

"శంకరయ్య! పెనిమిటి పేరు ఆమె నోట ఎట్ల చెప్తది మియాసాబ్?" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. మళ్లీ నవ్వులు.

మునవ్వర్‌కు ఒళ్లు మండింది. పాలమూరు కూలీలను గుంపు మేస్త్రీలు ఏ ఊరి పేరు చెప్పి ఏ ఊరికి తోలుకుపోతారో ఎవరికి తెలుసు? నోరారా పేరైనా పలకలేని మనిషి, ఆ మొగుణ్ణి ఏ బస్టాండులో ఎవరిని ఏమని అడుగుతుంది? అతను ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చెయ్యి చాచి మూట అందుకున్నాడు.

"దొరకకపోతె పారెయ్యకు బిడ్డా. చేతులు కాల్చుకోని కొట్టిన రొట్టెలు. నువ్వే తిను. రేపు మళ్ల తెస్త."

పారెయ్యడానికి చేతులు రాలేదు. భయపడుతూనే తుంచుకుని, ఉల్లిగడ్డ కారం అద్దుకుని నమిలాడు. కడుపు తిప్పలేదు. మూట ఖాళీ అయ్యేసరికి కాళ్లలోకి సత్తువ వచ్చింది.

మరుసటి పొద్దున ఎంకమ్మ మళ్లీ గీత దగ్గరే ఉంది. "కనవడ్డడా బిడ్డా?"

లేదని చెప్పబోయాడు. ఆ ముఖం చూసి మాట మింగేశాడు. "కనవడ్డడవ్వా."

"ఎట్లున్నడు?"

అబద్ధానికి ఒక రూపం కావాలి కదా. చుట్టూ చూస్తే ఎర్ర తువ్వాల పెద్దాయనే కంటబడ్డాడు. "బక్కగ, పొడుగ్గ. మీసం నెరిసింది" అన్నాడు మునవ్వర్.

"ఆయన్నే బిడ్డా!" ఎంకమ్మ మురిసిపోయింది. "రొట్టెలు తిన్నడా?"

"ఒక్కటి గూడ మిగిలియ్యలె."

"ఏమన్నడు?"

"పని కాంగనే వస్తనన్నడు. మంచిగనే ఉన్న, రంది వడొద్దన్నడు."

పెద్దాయన బిందె దించి, అటు తిరిగి దగ్గాడు. ఎంకమ్మ కొత్త మూట అందించి వెళ్లింది.

ఆ రోజంతా మునవ్వర్‌ను ఆ అబద్ధం పీకుతూనే ఉంది. ఎదురుచూసే మనిషికి దొంగ కబురు చెప్పడం పుణ్యమా, పాపమా? ఎంత తిరిగినా తేలలేదు. కానీ ఒక్కటి మాత్రం తెలిసింది. తను పడిపోతే రేపు ఆమెకు కబురు చెప్పేవాడుండడు. పిక్కలు పట్టేసినప్పుడల్లా అదే తలుచుకుని తొక్కాడు. రోజూ ఆమె వచ్చింది, రోజూ శంకరయ్య బాగున్నాడు, రోజూ మూట ఖాళీ అయింది.

ఐదోరోజు సాయంత్రం ఖాజా మియా గొంతు పోయేదాకా అరిచాడు. లంక చుట్టి వచ్చినట్టే! చప్పట్ల మధ్య మునవ్వర్ నేల మీద కాలు పెట్టాడు. భూమంతా గిర్రున తిరిగింది. తూలిపోతుంటే ఎర్ర తువ్వాల పెద్దాయన చంకలో చెయ్యి వేసి నిలబెట్టాడు.

ఎదురుగా ఎంకమ్మ. ఇక దాచలేకపోయాడు.

"అవ్వా, అబద్ధం చెప్పిన. నీ ఇంటాయన నాకెక్కడ కనవడలె. రొట్టెలన్ని నేనే తిన్న." అతనికి ఏడుపు ఆగలేదు.

"తింటివి గద బిడ్డా. గంతే చాలు" అంది ఎంకమ్మ.

ఆ మాటకు అతనికి ఇంకా దుఃఖం వచ్చింది. ఇంతలో ఖాజా మియా దండ పట్టుకుని, మైకు వైరు లాక్కుంటూ వచ్చాడు. "మావోణ్ణి పడకుండ పట్టుకున్న పెద్దాయనకు గూడ దండేస్త! నీ పేరేంది పెద్దాయినా?" అంటూ మైకు ఆయన నోటి దగ్గర పెట్టాడు.

ఎంకమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పెద్దాయన నెరిసిన మీసం ఒకసారి దువ్వుకున్నాడు.

"శంకరయ్య."